లెక్క రాశాం... చదివామా?

నాన్న బట్టల కొట్టు మూసేసి పాతికేళ్లు దాటింది. ఆ కొట్టు తాలూకు పద్దు పుస్తకాలు మాత్రం ఇప్పటికీ మా అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. ఎర్రగుడ్డ అట్టలు, పొడుగాటి కాగితాలు, తొలి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన 'శ్రీ'. పసుపు వెలిసి మరకైపోయింది. నాన్న చేతిరాత మాత్రం నిన్న రాసినట్టే ఉంది. రోజూ రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక చాప మీద కూర్చుని చిట్టా రాసేవారు. ఆదివారం దాన్ని ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. అర్ధరూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా అన్నానికి లేచేవారు కాదు. అంత శ్రద్ధగా లెక్కలు రాసిన మనిషి కొట్టు ఎందుకు మూతపడిందో మా ఇంట్లో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. దిష్టి తగిలిందనేది నాయనమ్మ. ఎదురుగా పెద్ద షాపు పడింది కదా అనేవాళ్లు చుట్టాలు.

రెండేళ్ల కిందట ఆ పెట్టె దించి, 1996 నాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. జవాబు అందులోనే ఉంది. నాన్న చేత్తోనే రాసి ఉంది.

చిల్లర వదిలేసి చెబుతాను. రోజుకు సగటున వెయ్యి రూపాయలు పెట్టి కొన్న సరుకు అమ్ముడయ్యేది. దాని మీద 250 మిగిలేది. నెలకు 7,500. అద్దె 1,500, కొట్లో కుర్రాడి జీతం 1,200, కరెంటూ కాఫీలూ 300. ఈ మూడు వేలూ పోతే లాభం 4,500. మా చిన్న టౌన్లో ఆ రోజుల్లో అది మంచి సంపాదనే. ఏడాదికోసారి వచ్చే గుమాస్తా కూడా ఈ లెక్కే చూసి, ఇన్‌కంటాక్సు కాగితాలు నింపి, "వ్యాపారం బాగానే ఉందండీ" అని చెప్పి వెళ్లేవాడు.

అదే పుస్తకాన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. మాది మిర్చి పండే ప్రాంతం. సంక్రాంతికి ఊళ్లన్నీ కొత్త బట్టలు కొంటాయి. రైతు చేతికి డబ్బు మాత్రం మిర్చి కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరు యార్డుకు తోలి అమ్మాకే వస్తుంది. అందుకని మా కొట్లో అరువు వసూలు కావడానికి సగటున మూడు నెలలు పట్టేది. కొన్న బట్ట బీరువాలోంచి కదలడానికి నాలుగు నెలలు. సరుకు పంపిన హోల్‌సేల్ వ్యాపారికి మాత్రం రెండు నెలల్లో కట్టెయ్యాలి. నాలుగూ మూడూ ఏడు, అందులో రెండు తీసేస్తే ఐదు. అంటే నాన్న కట్టిన ప్రతి రూపాయీ తిరిగి గల్లాపెట్టెలోకి రావడానికి ఐదు నెలలు. 150 రోజులు, రోజుకు వెయ్యి: లక్షా యాభై వేలు ఎప్పుడూ బయటే తిరుగుతూ ఉండాలి.

నాన్న దగ్గర అంత డబ్బు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. వడ్డీ నెలకు మూడు వేలు. దాన్ని కొట్టు ఖర్చుల్లో రాయలేదు, చేబదుళ్ల పుస్తకం వేరే ఉండేది, అందులో రాశారు. గుమాస్తా ఆ పుస్తకం ఎప్పుడూ అడగలేదు. లాభం 4,500లో వడ్డీ మూడు వేలూ పోతే మిగిలేది 1,500. ఇంటి ఖర్చు 3,500. నెలకు రెండు వేలు తరుగు. ఆ తరుగు పూడ్చడానికి మళ్లీ చేబదులు, దాని మీద మళ్లీ వడ్డీ. లాభాల్లో ఉన్న కొట్టు నాలుగేళ్లలో మూతపడింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ సంగతి తెలుసుకోవడం అరగంట పని. ఆ అరగంట ఎవరూ కూర్చోలేదు.

లెక్క ఎవరి కోసం అన్న ప్రశ్న నాకు అప్పుడే పుట్టింది. మన దగ్గర అకౌంట్లనగానే టాక్సు గుర్తొస్తుంది. లేకపోతే బ్యాంకు లోను. రెండు సందర్భాల్లోనూ ఆ కాగితాల్ని చదివేది బయటివాడే. కొట్టు నడిపే మనిషి, ఫ్యాక్టరీ నడిపే మనిషి, ఆస్పత్రి నడిపే మనిషి వాటి మీద సంతకం పెడతాడు. రేపు సరుకు ఎంత తేవాలి, ఎవరికి అరువివ్వాలి, ఏ రేటుకు అమ్మాలి, కొత్త మిషను కొనాలా వద్దా అన్నవి మాత్రం మనసుకు తోచినట్టు చేస్తాడు. పుస్తకంలో ఉన్నది నిన్నటి సంగతి, నిజమే. కానీ రేపటి గురించి ఒక ప్రశ్న పట్టుకుని దాని దగ్గరికి వెళ్లామా, జవాబు చెబుతుంది. ప్రశ్న లేకుండా వెళ్లినవాడికి కూడికలూ తీసివేతలే కనిపిస్తాయి.

పెనం ఖాళీ లేని రెండు గంటలు

బస్టాండు పక్కన ఓ టిఫిన్ సెంటరు ఉందనుకుందాం. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరి సలపని రద్దీ. సాదా దోసె 40 రూపాయలు. పిండి, నూనె, గ్యాసు, చట్నీ పోగా 24 మిగులుతుంది. ఉప్మా పెసరట్టు 70. పెసలు, ఉప్మా, అల్లం పచ్చడి ఖర్చు పోగా 36 మిగులుతుంది. ఏది ఎక్కువ అమ్మితే మంచిది? ఎవరైనా పెసరట్టనే అంటారు. మాస్టరు వైపు ఒకసారి చూడండి. దోసె రెండు నిమిషాల్లో దిగుతుంది. పెసరట్టు నెమ్మదిగా కాలాలి, ఉప్మా పెట్టి మడవాలి, నాలుగు నిమిషాలు పెనాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నిమిషానికి దోసె మీద వచ్చేది 12 రూపాయలు, పెసరట్టు మీద తొమ్మిదే. క్యూ గుమ్మం దాటి ఉన్న ఆ రెండు గంటల్లో కరువుగా ఉన్నది గిరాకీ కాదు, పెనం మీద చోటు. కాబట్టి ఆ కాసేపు దోసెదే పైచేయి. తొమ్మిదిన్నర దాటి పెనం ఖాళీగా ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు పెసరట్టు అడిగినవాడే మహారాజు. 'ఉప్మా పెసరట్టు 9.30 తర్వాత' అని ఒక బోర్డు పెడితే పెట్టుబడి పైసా పెరగకుండా రాబడి పెరుగుతుంది.

ఈ మాట ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఉండదు. ఏడాది చివర లాభనష్టాల పట్టీలో దోసెలూ పెసరట్లూ కలిసిపోయి 'అమ్మకాలు' అన్న ఒకే వరుసగా మారిపోతాయి. అందుకే యజమాని చూసుకోవాల్సిన లెక్క వేరు. కరువుగా ఉన్నది ఏది, దానిలో ఒక్కో నిమిషానికి, ఒక్కో అడుగుకు, ఒక్కో మనిషికి ఎంత మిగులుతోంది? ప్రింటింగ్ ప్రెస్సుకు మిషను గంట, సూపర్‌మార్కెట్‌కు అర మీద అడుగు, ఆస్పత్రికి ఆపరేషన్ థియేటర్ గంట. పెనం పేరు మారుతుంది గానీ లెక్క మారదు.

ఇంతకుముందు ఈ వివరాలు సేకరించడమే కష్టం. ఇప్పుడా ఇబ్బంది లేదు. కౌంటరు మీద యూపీఐ సౌండ్‌బాక్స్ మోగిన ప్రతిసారీ ఏ టైముకి ఎంత వచ్చిందో ఫోనులో నమోదవుతోంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారుల బిల్లులు చాలావరకు కంప్యూటరుకు ఎక్కాయి. అకౌంటెంటు ఆ డేటాతో రిటర్ను దాఖలు చేసి ట్యాలీ మూసేస్తాడు. అదే ఫైలు తెరిచి, వసూలు కావాల్సిన బాకీలకు వయసు కట్టి ఇమ్మంటే ఐదు నిమిషాల పని. నెలలోపువి ఎన్ని, మూడు నెలలు దాటినవి ఎన్ని, ఏడాది దాటినవి ఎవరివి? ఆ కాగితం చేతిలో ఉంటే కొత్తగా అరువడిగిన మనిషికి ఏం చెప్పాలో మొహమాటం చెప్పదు, కాగితం చెబుతుంది. బాకీల విషయంలో చట్టం కూడా చిన్నవాళ్ల వైపు కొంత నిలబడింది. సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. అలా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపి టాక్సు తగ్గించుకోవడం 2023-24 లెక్కల నుంచి కుదరదు. దీన్ని వాడుకోవాలన్నా ఏ బిల్లుకు ఎన్ని రోజులైందో మన దగ్గర లెక్క ఉండాలి కదా!

కుండలు చేసే ఆయన కనిపెట్టింది

ఖర్చుల తీరును ప్రశ్న పట్టుకుని వెతికినవాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి జొసయ్యా వెడ్జ్‌వుడ్. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో, స్టాఫర్డ్‌షైరులో పింగాణీ పాత్రలు చేసినాయన. చార్లెస్ డార్విన్‌కు తల్లి తరఫు తాత. రాణిగారి భోజనాల బల్ల మీదికి పాత్రలు పంపినవాడు. 1772లో ఇంగ్లండు, స్కాట్లండులలో అప్పులిచ్చే సంస్థలు దెబ్బతిని గిరాకీ పడిపోయింది. ఆయన గోదాముల్లో సరుకు పేరుకుపోయింది, చేతిలో నగదు లేదు. అంత పేరున్న వ్యాపారి కూడా అప్పుడే మొదటిసారి ఒక్కో పాత్రకు నిజంగా ఎంత ఖర్చవుతోందో పట్టుబట్టి లెక్కకట్టాడు. మట్టి, బొగ్గు, కూలి, అద్దె, అచ్చులు, గుమాస్తాల జీతాలు అన్నీ విడివిడిగా.

అందులో ఆయనకు తేలిన సంగతి ఒకటుంది. కొన్ని ఖర్చులు పాత్రల సంఖ్యతో పాటు పెరుగుతాయి, తగ్గుతాయి. అచ్చులు, అద్దె, గుమాస్తాల జీతం లాంటివి వంద చేసినా వెయ్యి చేసినా ఇంచుమించు అంతే. రెండో రకం ఖర్చుల్ని ఎక్కువ పాత్రల మీద పంచితే ఒక్కోదాని భారం తగ్గుతుంది. అంతవరకూ జమీందార్ల కోసం కొద్దికొద్దిగా చేసిన పాత్రల్ని ఇక మీదట మధ్యతరగతి ఇళ్లకు ఎక్కువ సంఖ్యలో, తక్కువ ధరకు అమ్మవచ్చన్న ధైర్యం ఆ లెక్క నుంచి వచ్చింది. ఆ వెతుకులాటలోనే హెడ్ గుమాస్తా చేతివాటం కూడా బయటపడింది.

బస్సు ఆపితే మిగిలేదెంత?

మారని ఖర్చు, మారే ఖర్చు. చదివితే చిన్న విషయంలా ఉంటుంది. మన ఆర్టీసీ డిపో గుమ్మం దగ్గర నిలబడితే ఇది ఒక ఊరి బతుకు ప్రశ్న అవుతుంది.

ఆర్టీసీలో డిపో మేనేజర్ల నోట రోజూ నలిగే మాట ఈపీకే. బస్సు కిలోమీటరు తిరిగితే వచ్చే రాబడి. దానికి జోడీ సీపీకే, కిలోమీటరుకయ్యే ఖర్చు. ఒక పల్లెవెలుగు బస్సుకు రాబడి కిలోమీటరుకు 48 రూపాయలు, ఖర్చు 60 అనుకోండి. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే. కిలోమీటరుకు 12 నష్టం, ఈ సర్వీసు ఎత్తేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఎత్తేసే ముందు ఆ 60ని విప్పి చూడాలి. లీటరుకు ఐదు కిలోమీటర్లు, లీటరు వంద రూపాయలనుకుంటే డీజిలు 20. టైర్లు, ఆయిలు, విడిభాగాలు ఓ ఐదు. మిగతా 35 డ్రైవరు, కండక్టర్ల జీతాలు, డిపో సిబ్బంది, అప్పుల మీద వడ్డీ, బస్సు తరుగుదల, పై ఆఫీసు ఖర్చులు. సర్వీసు ఆపిన మర్నాడు పర్మినెంటు ఉద్యోగి జీతం ఆగదు. వడ్డీ ఆగదు. ఆగేది ఆ 25 మాత్రమే. పోయేది 48. అంటే నష్టం తగ్గిద్దామని బస్సు ఆపితే, ఆపినందుకు కిలోమీటరుకు ఇంకో 23 నష్టం!

లెక్క ఇక్కడితో అయిపోదు. అదే బస్సునీ అదే సిబ్బందినీ కిలోమీటరుకు 58 తెచ్చే ఇంకో రూటుకు పంపగలిగితే జవాబు మారుతుంది. అది అద్దె బస్సయితే, ఆపగానే అద్దె కూడా ఆగుతుందంటే, మళ్లీ మారుతుంది. ఆ పల్లె బస్సు దిగిన జనమే టౌన్లో హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే ఆ రాబడి ఇంకో బస్సు ఖాతాలో పడుతుంది, దీని ఖాతాలో కనిపించదు. ఆ బస్సు మీదే కాలేజీకి వెళ్తున్న పిల్లల చదువు ఏ ఖాతాలోనూ పడదు. ప్రజా రవాణా సంస్థ నిర్ణయం దగ్గర ఆ చదువుకు తూకం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. తూకం వెయ్యాలన్నా ముందు నికరంగా ఎంత ఖర్చవుతోందో తెలియాలి. పన్నెండు రూపాయల నష్టం కోసం ఊరిని వదులుకుంటున్నామా, నష్టమే లేని చోట నష్టం చూసి వదులుకుంటున్నామా అన్నది చిన్న తేడా కాదు.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. కండక్టరు కొట్టే జీరో టికెట్ల విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. ఆ డబ్బు చేతికి అందేదాకా డీజిలు మాత్రం ఆ పూట నగదుతోనే పోయించాలి. మా నాన్న సంక్రాంతి అరువుల లెక్కే ఇది. సున్నాలే ఎక్కువ.

అప్పు అడిగే ముందు పుస్తకం చదివేవాళ్లు

నిర్ణయానికి ముందు లెక్క చదవడమన్నది పెద్ద చదువుల వ్యవహారమని ఎవరైనా అంటే నేను పొదుపు సంఘాల వైపు చూపిస్తాను. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి'గా మొదలైన ఆ కదలిక తెలుగునాట ఊరూరా పాకింది. సంఘాలకు పంచసూత్రాలని ఐదు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యులకు అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, ఐదోది పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. పుస్తకం రాయడం ఆఫీసు పని కాదు, సంఘం ఆయువుపట్టని ఆ ఐదో సూత్రం అర్థం.

పద్ధతిగా నడిచే సంఘం సమావేశంలో కూర్చుంటే అకౌంటింగు అంటే ఏమిటో కళ్లకు కడుతుంది. పదీ పదిహేను మంది గుండ్రంగా కూర్చుంటారు. పుస్తకం రాసే అమ్మాయి గట్టిగా చదువుతుంది: పోయినసారి నిల్వ ఎంత, ఇవాళ పొదుపు ఎంత జమ అయింది, ఎవరి కిస్తీ వచ్చింది, ఎవరిది రాలేదు, ఇప్పుడు చేతిలో ఎంతుంది. అప్పుడే 'నాకు గేదె కొనడానికి కావాలి' అని ఒకామె అడుగుతుంది. చదవడం రానివాళ్లు కూడా ఇంతకుముందే విన్నారు, పెట్టెలో ఎంతుందో అందరికీ తెలుసు. 'గేదె ఎన్ని లీటర్లిస్తుంది, దాణాకెంత, ఈనేదాకా కిస్తీ ఎక్కణ్నుంచి కడతావు వదినా?' అని పక్కనామె అడుగుతుంది. ఇది బ్యాంకు క్రెడిట్ కమిటీ అడిగే ప్రశ్నే. ఇక్కడ అడిగినామెకు గేదె సంగతి కూడా తెలుసు.

నాన్న పుస్తకానికీ ఈ పుస్తకానికీ తేడా రాతలో లేదు. నిజానికి నాన్న రాతే నీటు. సంఘం పుస్తకాన్ని నలుగురి ముందూ చదివాకే డబ్బు కదులుతుంది. నాన్నది డబ్బు కదిలిపోయాక, అందరూ పడుకున్నాక, ఒక్కడే రాసుకున్నది.

పుస్తకమే అబద్ధమైతే

చదివే అలవాటు ఉన్నా పుస్తకం అబద్ధమైతే ఏమవుతుందో హైదరాబాదుకు తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదేమో. 2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పుడు లెక్కల సంగతి ఒప్పుకుంటూ రాసిన లేఖలో రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం. లేఖ ప్రకారం అసలు లాభం 61 కోట్లు, మూడు శాతం. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. మోసపోయిన మదుపరుల గురించి అప్పుడు చాలా రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం కంపెనీ లోపలి మనుషులు గుర్తొస్తారు. రూపాయికి పావలా మిగులుతోందని నమ్మి ప్రాజెక్టుకు రేటు ఒప్పుకునేవాడి నిర్ణయం, మూడు పైసలే మిగులుతోందని తెలిసినవాడి నిర్ణయం ఒకేలా ఎలా ఉంటాయి? బయటివాళ్ల కోసం అల్లిన అంకెల్లో మొదట చిక్కుకునేది లోపల పనిచేసేవాళ్లే.

చిన్న వ్యాపారుల దగ్గర ఇంత ఘోరం ఉండదు గానీ దాని చెల్లెలు ఉంటుంది. టాక్సు కోసం తక్కువ చూపే అమ్మకం ఒకటి, లోను కోసం ఎక్కువ చూపే అమ్మకం ఒకటి, గల్లాపెట్టెలోంచి తీసిన పిల్లల ఫీజు ఎక్కడా రాయకపోవడం ఇంకొకటి. మూడేళ్లు ఇలా నడిచాక అసలు అంకె ఏదో యజమానికే గుర్తుండదు. తప్పొప్పుల సంగతి చట్టం చూసుకుంటుంది. నా బాధ అది కాదు. సొంత వ్యాపారం ఎలా ఉందో తెలుసుకునే ఒకే ఒక్క అద్దానికి మనిషి తన చేత్తోనే మసి పూసుకుంటున్నాడు.

ఇంటి వాడకానికి నెలకింత అని జీతంలా తీసుకుని రాసుకోవడం, అప్పు ఎక్కడ తెచ్చినా వడ్డీ వ్యాపారం ఖర్చులోనే చూపడం, నెల దాటిన ఐదో తారీఖుకల్లా కిందటి నెల లెక్క చేతికి రావడం. నాన్న కొట్టుకు ఈ మూడూ ఉండి ఉంటే సరిపోయేది. ఏడాదికోసారి వచ్చే ఖచ్చితమైన లెక్క కంటే ఐదో తారీఖుకు వచ్చే ఉజ్జాయింపు లెక్క ఎన్నో రెట్లు మేలు. నిర్ణయం జరిగిపోయాక వచ్చే ఖచ్చితత్వంతో పనేముంది?

ఆ పెట్టె దించిన రోజు సాయంత్రం, తెల్లకాగితం మీద నేను వేసిన లెక్క నాన్న ముందు పెట్టాను. పెట్టాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఎనభై దాటిన మనిషి, మూసిన కొట్టు. ఆయన కళ్లజోడు సర్దుకుని, నాలుగు నెలలూ మూడు నెలలూ రెండు నెలలూ అన్న వరుస దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఆవర్జా తీసుకుని రెండు మూడు ఖాతాలు తిరగేశారు. నేను తప్పు లెక్క వేశానేమోనని వెతుకుతున్నారనుకున్నాను.

"వడ్డీ రూపాయిన్నరకి దొరికుంటేనో రా?" అన్నారు.

నెలకు 750 తగ్గేది నాన్నా, తరుగు అప్పటికీ 1,250 ఉండేది అన్నాను.

"మరి సంక్రాంతి సరుకు సగమే తెచ్చి, రెండు నెలల్లో అమ్మేసుకునుంటే?"

ఐదు నెలలు మూడు నెలలవుతాయి. లక్షా యాభై వేలకు బదులు తొంభై వేలే బయట ఉంటుంది. వడ్డీ రూపాయిన్నరే అనుకుంటే నెలకు 1,350. మూడు వేల నుంచి 1,350కి. నేను నోటితో చెబుతుంటే ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని, కాగితం తన వైపు తిప్పుకుని, అడుగున ఖాళీ ఉన్నచోట మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టారు.